ఆరు మడతలా, చుట్టు మూతా

మార్చి 3, సోమవారం

ఇవాళ్టితో మా ఫ్యాక్టరీలో సీసం రోజులు చెల్లిపోయాయి. మా తూటాలు కొనే షూటింగ్ క్లబ్బు ఒకటి మడ అడవి పక్కన ఉంది. సీసపు గుండ్లు బురదలో పడుతున్నాయి, కొంగలు వాటిని మింగి చస్తున్నాయి. ఇకమీదట ఉక్కు గుండ్ల తూటాలే పంపమని రాశారు. మేనేజరు ఎన్చిక్ రోస్లి (మలాయ్‌లో 'ఎన్చిక్' అంటే 'గారు') నన్నూ పునితనూ గదికి పిలిచాడు. రంజాన్ ఉపవాసాల నెల గనక నోరెండి ఉన్నాడు, మాటలు పొదుపుగా వాడాడు.

"బాబూ, మూత ఏ రకమో మీరిద్దరూ తేల్చండి. రాయా పండగ అయ్యాక టెస్టు."

మీరిద్దరూ! ఇరవై ఏడేళ్ళుగా ఈ ఫ్యాక్టరీలో కొత్త తూటా ఏదైనా ముందు ఈ బాబు బల్ల మీద, ఈ బాబు చేత్తో పుట్టి, ఆ తర్వాతే మిషను ఎక్కింది. ఇంజనీరుగా పునిత చేరి అయిదు నెలలు. ఆరో నెలలో గాని ఆమె ఉద్యోగం ఖాయం కాదు. ఆ 'మీరిద్దరూ' నాకు గుచ్చుకుంది. పెద్దవాణ్ణి గనక కనబడనివ్వలేదు. కనబడనివ్వలేదనే అనుకుంటున్నాను.

బయటికి రాగానే ఆమెకు పాఠం చెప్పాను. ఆమెకు తెలిసిన పాఠమే. ఇక్కడ మళ్ళీ రాసుకుంటే నాకు హాయిగా ఉంటుంది. తూటా అంటే ప్లాస్టిక్ డొల్ల. అడుగున మందు, మందు మీద కాళ్ళున్న ప్లాస్టిక్ గిన్నె, గిన్నెలో గుండ్లు. ఇక పైన మూతి మూయాలి. మూతి అంచును ఆరు మడతలుగానో ఎనిమిది మడతలుగానో మడిచి మధ్యలో కలిపితే అది మడత మూత. గుండ్ల మీద అట్టబిళ్ళ పెట్టి, అంచును దాని మీదికి గుండ్రంగా చుట్టేస్తే చుట్టు మూత. సీసం మెత్తనిది, ఎలా మూసినా సర్దుకుపోతుంది. ఉక్కు సర్దుకోదు. పైగా తేలిక గనక అదే తూకానికి ఎక్కువ చోటు అడుగుతుంది, మూతికి మిగిలే అంచు తగ్గిపోతుంది.

పునిత అంతా విని, "తెలుసు అంకుల్" అంది. బాగన్ దాతుక్‌లో వాళ్ళ మామ్మ దగ్గర నేర్చిన తెలుగు ఆమెది. ఆ మాత్రం తెలుగైనా వచ్చినందుకు సంతోషించాలి. ఆ మాత్రం తెలుగులో 'తెలుసు' అనే మాట ఉండటమే నా దురదృష్టం.

మార్చి 5

బల్ల మీది ట్యూబులైటు మార్చమని మళ్ళీ చెప్పాను. పోయిన వారమే కొత్తది వేశామంటున్నారు. కొత్త లైట్లు వెనకటి లైట్లలా ఉండవు.

మార్చి 11, మంగళవారం

ఆరు మడతలవి యాభై, ఎనిమిది మడతలవి యాభై, చుట్టు మూతవి యాభై. అన్నీ నేనే చేత్తో నింపాను. మందు తూకం మాత్రం పునిత వేసింది. పని తొందరగా అవుతుందని నేనే వేయమన్నాను. తూకం పెట్టె మీద అంకెలు ఈమధ్య మరీ సన్నగా వేస్తున్నారు.

ఆమె ఆరు మడతల తూటా ఒకటి నా ముందు పెట్టింది.

"మద్దిన సూడండి అంకుల్, బెజ్జం ఉంది. సన్న గుండు ఇందులోంచి జారిపోద్ది. ఎనిమిది మడతలదైతే మూసుకుంటాది లా." మాట చివర ఆ 'లా' మలాయ్ తగిలించిన తోక.

చూశాను. తెల్లగా ఒక పువ్వులాంటిది, దాని చుట్టూ గుళ్ళో దీపానికి ఉన్నట్టు ఒక వెలుగు. బెజ్జం ఉంటే ఉండవచ్చు.

"సూసినాను, సూసినాను" అన్నాను. "అందుకే సెప్తన్నాను, మడత మూతే వద్దు. ఉక్కు గుండు కింద నుంచి తన్నితే మడత ఉబ్బుతాది. అంచు చాలదు. చుట్టు మూతకి సగం అంచు సాలు."

"గిన్నె కాళ్ళు కొంచెం పొట్టి చేస్తే చోటు దొరుకుతాది కదా? చుట్టు మూతలో బిళ్ళ కదిలితే కష్టం. మడతలో కదలడానికి ఏటీ లేదు. కంటితో సూస్తే బాగుందో లేదో తెలిసిపోద్ది."

"కంటితో సూసేదాన్ని నమ్మకూడదమ్మా. ఏలితో సూడాలి." చుట్టు మూత తూటా తీసుకుని అంచు చుట్టూ వేలు తిప్పి చూపించాను. "ఈ ఏలికి ఇరవై ఏడేళ్ళు సర్వీసు."

ఆమె నా వేలి వంక గౌరవంగానే చూసింది. గౌరవమనే అనిపించింది. ఆమె ముఖం నాకంత స్పష్టంగా లేదు.

మార్చి 12

చుట్టు మూత గొప్పదని తొమ్మిది కారణాలు రాశాను. పదోది తట్టలేదు.

మార్చి 20, గురువారం

గెలిచాను. ఎన్చిక్ రోస్లి ముందు తొమ్మిది కారణాలూ చదివాను. చదవడమేముంది, కంఠతా వచ్చు. పునిత మూడు కారణాలే చెప్పింది, అదీ మెల్లగా. మొదటి టెస్టు చుట్టు మూతతోనే అని ఆయన అనేశాడు. "బాబు అనుభవం" అన్నాడు. ఆ మాట మలాయ్‌లో ఇంకా బాగుంటుంది.

తర్వాత అసలు పని. బాగా కుదిరిన తూటా ఒకటి తీసి, బిళ్ళ మీదికి అంచు ఎంత లోతు దిగిందో గేజీతో కొలవాలి. ఆ అంకె మిషనుకు పెడితే మిగతావన్నీ అలాగే చుడుతుంది. అంచు తక్కువ దిగితే బిళ్ళ వదులు, ఎక్కువ దిగితే డొల్ల నలుగుతుంది. నేను గేజీ పట్టుకుని చదివాను, పునిత కాగితం మీద రాసింది.

"ఒకటి పాయింట్ మూడు" అన్నాను.

"మూడా అంకుల్? నేను సూడనా?"

"మూడే. నా కళ్ళ మీద నమ్మకం లేదా?" అని నవ్వాను కూడా.

ఆమె రాసుకుంది, మిషనుకు పెట్టింది. సాయంత్రానికి రెండు వందలు తయారు. ఒక్కొక్కటీ వేలితో చూసి పాస్ చేశాను. వేలు అన్నిటికీ బాగుందనే చెప్పింది. చెడ్డమాట చెప్పే అలవాటు దానికి లేదు.

మార్చి 30, ఆదివారం, ఉగాది

తెలుగు సంఘం హాల్లో పంచాంగం నన్నే చదవమన్నారు. క్లాంగ్‌లో తెలుగు చదవగలిగేవాళ్ళను వేళ్ళ మీద లెక్కపెట్టాలి. ఆ వేళ్ళలో నేను బొటనవేలిని. మా నాన్న తోటలో కిరాణీ, అంటే గుమాస్తా పని చేస్తూ సాయంత్రాలు నాకు నేర్పిన అక్షరాలవి. మా ఆవిడ వసంతి తమిళ బడిలో చదివింది. అందుకే నా డైరీకి తాళం అక్కర్లేదు.

మైకు ముందు నిలబడి పుస్తకం తెరిచాను. చీమలు! పేజీ నిండా చీమలు బారులు తీరి ఉన్నాయి. దగ్గరగా పెట్టుకున్నాను, దూరంగా పెట్టుకున్నాను. మూడు వందల మంది ఎదురు చూస్తున్నారు. చేసేది లేక నోటికొచ్చింది చదివేశాను. మేషం వారికి రాజపూజ్యం ఏడు, అవమానం సున్నా. వృషభం వారికి రాజపూజ్యం ఏడు, అవమానం ఒకటి. ఒకటి కూడా లేకపోతే అనుమానం వస్తుందని. మిథునం వారికి పెళ్ళిళ్ళు. కర్కాటకం వారికి మోకాళ్ళ నొప్పులు తగ్గును. ముందు వరసలో ఉన్న రాజమ్మాళ్ గారు ఎప్పటినుంచో మోకాళ్ళు పట్టుకుని నడుస్తున్నారు. ఆవిడది ఏ రాశో గుర్తులేక మీనం వారికీ తగ్గించాను.

చప్పట్లు మోగిపోయాయి. ఇంత మంచి పంచాంగం ఎప్పుడూ వినలేదని సంఘం ప్రెసిడెంటు భుజం తట్టాడు.

కారులో వసంతి అడిగింది. "ఏటండీ, పుస్తకం తలకిందులుగా పట్టుకున్నారేటి?"

"వెనక అట్ట అది. రెండు పక్కలా ఒకేలా ఉంటాది."

"ఓహో" అంది. కారు ఆమే నడుపుతోంది. ఈమధ్య ఆమే నడుపుతోంది. ఆమెకు నడపడం సరదా.

ఏప్రిల్ 8, మంగళవారం

మోహన్‌రాజ్ బాగానే ఉన్నాడు. ముందు అది రాయాలి.

తూటాలు పేల్చి చూసేది అతనే. ఇరవై ఏళ్ళ స్నేహం. అతని ఊరు సుంగై సిపుట్. తమిళంలో మాట్లాడతాడు, నేను తెలుగులో జవాబిస్తాను. ఒకరి భాష ఒకరం మార్చుకోలేదు, ఇక్కడ అతని మాటలు నా తెలుగులోనే రాసుకుంటాను. ఫ్యాక్టరీ వెనక టెస్టు వరసలో పదకొండింటికి మొదలుపెట్టాం. నేనూ పునితా అద్దం వెనక.

ఆరు తూటాలు బాగా పేలాయి. నేను పునిత వైపు చూసి కనుబొమలు ఎగరేశాను. ఏడోది 'ఢాం' అనలేదు. 'టప్' మంది, సీసా బిరడా తీసినట్టు. తుపాకీ గొట్టం చివర నుంచి కొంచెం పొగ. మోహన్‌రాజ్ చెవులకు తొడుగులున్నాయి. మందు తేమ తగిలిందనుకున్నాడేమో, ఖాళీ డొల్ల తీసి ఎనిమిదోది పెట్టేశాడు. తుపాకీ భుజానికెత్తాడు.

పునిత అద్దం తలుపు తోసుకుని పరిగెత్తింది. "స్టాప్! మోహన్ అంకుల్, స్టాప్! నిరుత్తుంగ!"

అతను ఆగాడు. తూటా తీసి, గొట్టం విప్పి వెలుగుకు పట్టుకున్నాడు. వెలుగు కనబడలేదు. ప్లాస్టిక్ గిన్నె గొట్టం మధ్యలో ఇరుక్కుని ఉంది. బిళ్ళ వదులై, గుండ్లు ముందే జారిపోయి, మందు సగమే కాలింది. ఎనిమిదోది పేల్చి ఉంటే గొట్టం అక్కడే చీలేది. అక్కడ కింద అతని ఎడమ చెయ్యి ఉంటుంది.

అతను తుపాకీ బల్ల మీద పెట్టి, ఎడమ అరచేతిని అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. తైపూసం జాతరకు ఉరుమి డప్పు వాయించే చెయ్యి అది.

నేను ఇంకా అద్దం వెనకే ఉన్నాను. 'టప్' నాకూ వినిపించింది. పునిత పరిగెత్తింది. నేను ఎందుకు పరిగెత్తలేదో రాయాలని పెన్ను తీశాను. వేరే అంతా రాశాను.

ఏప్రిల్ 9, బుధవారం

విచారణ. మిగిలిన తూటాలు విప్పి చూశారు. మూడింట ఒకదానికి బిళ్ళ వదులు. ఎన్చిక్ రోస్లి కాగితం తీశాడు. ఒకటి పాయింట్ మూడు అని పునిత చేతిరాతలో ఉంది. ఉండాల్సింది ఒకటి పాయింట్ ఎనిమిది.

"అంకుల్ మూడని చెప్పారు" అంది పునిత.

ఎన్చిక్ రోస్లి నా వైపు తిరిగాడు. "బాబూ?"

"ఎనిమిది అన్నాను" అన్నాను.

మాట ఎంత తేలిగ్గా వచ్చిందంటే, నాకే నమ్మకం కుదిరిపోయింది.

పునిత నా వైపు చూసింది. ఏడవలేదు, వాదించలేదు. "నేను తప్పుగా విన్నానేమో మరి" అంది మెల్లగా. ఆమెను ఈ నెల ఖాయం చేయరు. విచారణ తేలేదాకా ఫ్లోరు మీదికి రావద్దన్నారు.

ఏప్రిల్ 10

ఎనిమిది అనే అన్నాను. మిషన్ల గోలలో మూడూ ఎనిమిదీ ఒకేలా వినబడతాయి.

ఏప్రిల్ 11

తెలుగులో మూడు, ఎనిమిది ఒకేలా వినబడవు. కానీ అంకెలు మేము ఇంగ్లీషులో చెప్పుకుంటాం. త్రీ, ఎయిట్. అవీ ఒకేలా వినబడవు. అయినా ఎనిమిది అనే అన్నాను. ఆ రోజు ఏం జరిగిందో ఈ డైరీలో రాసే ఉంటాను. వెనక్కి తిప్పితే తేలిపోతుంది. తేలిందాన్ని మళ్ళీ తేల్చడం ఎందుకు?

ఏప్రిల్ 12, శనివారం

మోహన్‌రాజ్ ఫోను ఎత్తలేదు. క్యాంటీనులో కూడా నిన్న వేరే బల్ల దగ్గర కూర్చుని టీ తాగాడు.

వసంతి అన్నం పెడుతూ, "ఏటయినాది?" అంది. పునిత సరిగా వినలేదని చెప్పాను. ఆమె పులుసు వడ్డించింది. తర్వాత నా కంచం పక్కనున్న గ్లాసును మెల్లగా రెండంగుళాలు నా చేతి వైపు జరిపింది. ఎప్పటినుంచి అలా జరుపుతోందో నాకు తెలియదు. ఇన్నాళ్ళూ గ్లాసులు వాటంతటవే నా చేతికి వస్తున్నాయనుకున్నాను.

ఏప్రిల్ 13, ఆదివారం

వెనక్కి తిప్పాను.

మార్చి ఇరవై పేజీ దొరికింది, చదవడం కుదరలేదు. నా రాతే! కిటికీ దగ్గరికి తీసుకెళ్ళాను, ఎండలోకి తీసుకెళ్ళాను. చివరికి ఫోనుతో ఫోటో తీసి, రెండు వేళ్ళతో సాగదీసి పెద్దది చేశాను. ఒక్కో మాటా తెరంతా నిండింది.

మూడే. నా కళ్ళ మీద నమ్మకం లేదా?

అని నవ్వాను కూడా.

నవ్విన సంగతి కూడా రాసుకున్న మనిషికి ఏం శిక్ష వేయాలో తెలియక, వరండాలో చెప్పుల పక్కన కూర్చున్నాను. వసంతి వచ్చి పక్కనే కూర్చుంది.

"కళ్ళు కనబట్టంలేదు వసంతీ."

"తెలుసండీ."

"ఎప్పటినుంచి తెలుసు?"

"దీపావళి నుంచి. మురుక్కుల డబ్బా అనుకుని మీరు కుట్టుమిషను డబ్బా తెరిసి, బటన్లు నోట్లో ఎట్టుకోబోయినారు."

"మరి సెప్పలేదేటి?"

"సెప్తే ఇనీ మనిసేనా మీరు?" అంది. కోపంగా అనలేదు. కోపంగా అని ఉంటే బాగుండేది.

ఏప్రిల్ 14, సోమవారం

ఫ్యాక్టరీలో స్టోరుకు పోయి ఆ కుదిరిన తూటాను మళ్ళీ కొలిచాను. గేజీ అద్దంలో గీతలతో కట్టిన అంకె చూశాను. ఇప్పటికీ మూడే! ఒక్క నిమిషం గుండె తేలికైంది. ఫోటో తీసి సాగదీశాను. ఎనిమిది. మూడును ఎనిమిది చేసే ఎడమ పక్క రెండు చిన్న గీతలు నా కంటికి లేవు. గేజీకి ఉన్నాయి, ఫోనుకు ఉన్నాయి, లోకం మొత్తానికి ఉన్నాయి.

ఇంకొకటి కూడా అర్థమైంది. నా తొమ్మిది కారణాలు. మడత మూతను కంటితో చూడాలి, చుట్టు మూతను వేలితో చూడవచ్చు. ఆ రోజు తట్టని పదో కారణం అదే. మిగతా తొమ్మిదీ దాని వెనక నిలబడటానికి పిలిచిన చుట్టాలు.

ఎన్చిక్ రోస్లి గదికి ఎలా నడిచానో తెలియదు. నిలబడే చెప్పాను. మూడన్నాను. ఆ పిల్ల మళ్ళీ అడిగింది. చూస్తానంది. నేను చూడనివ్వలేదు. బుధవారం అబద్ధం చెప్పాను.

ఆయన చాలాసేపు ఫోనులో ఆ ఫోటో చూశాడు. "కళ్ళ సంగతి ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదు బాబూ?"

"నాకే చెప్పుకోలేదు, ఎన్చిక్."

తల ఊపాడు. మంచివాడే. కానీ మంచివాళ్ళు కూడా మెమోలు రాస్తారు. నన్ను బల్ల మీద నుంచి తీసేశాడు. రేపటినుంచి ప్యాకింగులో అట్టపెట్టెలకు స్టిక్కర్లు అంటించాలి. కళ్ళు చూపించుకునేదాకా తూటా ముట్టకూడదు.

ఏప్రిల్ 15, మంగళవారం

పునితను కూర్చోబెట్టిన ఆఫీసు గదికి వెళ్ళాను. ఏం చెప్పాలో దారిలో తయారు చేసుకున్నాను. పెద్ద వాక్యాలు, మధ్యలో దగ్గుకు కూడా చోటు పెట్టుకున్నాను. ఆమెను చూడగానే ఒక్కటీ రాలేదు.

"నువ్వు సరిగ్గానే ఇన్నావమ్మా. నేను మూడే అన్నాను. నిన్న ఎన్చిక్‌కి సెప్పేసినాను."

ఆమె కంప్యూటరు నుంచి చేతులు తీసింది.

"శనివారం నేను క్లినిక్కి ఎల్లినాను అంకుల్."

"ఏటి, ఒంట్లో బాలేదా?"

"చెవులు టెస్ట్ చేయించుకున్నాను. మీరు ఎనిమిది అన్నారంటే నాకే వినబట్టంలేదేమో అనుకున్నాను. ఒక చిన్న గదిలో కూర్చోబెట్టి, చెవులకి తొడుగులు పెట్టి, సౌండ్ వినబడితే బటన్ నొక్కమన్నారు. అన్నీ వినబడినాయి. అయినా నమ్మలేదు లా. డాక్టరుని మళ్ళీ చేయమన్నాను."

 నేను నిలబడే ఉన్నాను. నా పక్కన కుర్చీ ఉంది, కూర్చునే హక్కు ఉందనిపించలేదు.

"తప్పు చేసినాను పునితా."

"అవును అంకుల్" అంది.

పరవాలేదు అనలేదు. అంటుందని నేను తలుపు దగ్గర రెండు క్షణాలు ఎక్కువ నిలబడిన మాట నిజం. ఎంత ఆశపోతునో!

ఏప్రిల్ 17

మోహన్‌రాజ్‌ను పార్కింగులో మోటార్‌సైకిల్ దగ్గర పట్టుకున్నాను. అంతా చెప్పాను. హెల్మెట్ పెట్టుకునే విన్నాడు.

"చేతులు లేకుండా ఉరుమి వాయించేవాణ్ణి ఎక్కడైనా చూశావా అన్నా?" అన్నాడు. బండి స్టార్ట్ చేసి వెళ్ళిపోయాడు.

'అన్నా' అన్నాడు కదా అని ఇంటికొచ్చేదాకా ఆ ఒక్క మాటే పట్టుకుని వచ్చాను.

ఏప్రిల్ 22

కళ్ళ డాక్టరు చిన్న వయసావిడ. రెండు కళ్ళకూ శుక్లాలు, కుడిది బాగా ముదిరింది అంది. "ఇన్నాళ్ళూ ఎలా పని చేశారు అంకుల్? ఏం పని?"

తూటాలు నింపుతానని చెప్పాను. ఆవిడ కుర్చీతో సహా కొంచెం వెనక్కి జరిగింది.

ఏప్రిల్ 30

స్టిక్కర్లు. ఇవాళ నలభై పెట్టెలకు తలకిందులుగా అంటించాను. 'ఈ వైపు పైకి' అని బాణం ఉంటుంది. నా పెట్టెలన్నీ నేలకేసి చూపిస్తున్నాయి.

పునిత ఉద్యోగం ఖాయమైంది. నోటీసు బోర్డు మీద పెట్టారని ఎవరో చెప్పారు. వెళ్ళి బోర్డు ముందు నిలబడ్డాను. ఏదీ చదవలేకపోయాను. అయినా కాసేపు నిలబడ్డాను.

మే 6

రేపు కుడి కన్ను. ఆపరేషను పావుగంట పనేనట. నాకు భయం లేదు. వసంతి మూడుసార్లు అడిగింది, మూడుసార్లూ భయం లేదని చెప్పాను. నాలుగోసారి ఆమె అడగకుండానే చెప్పాను.

మే 9, శుక్రవారం

కట్టు విప్పారు.

ముందు కనబడింది వసంతి. ఆమె జుట్టు ఇంత నెరిసిందని నాకు తెలియదు. అది చెప్పాను. కన్ను వచ్చాక మొదటి మాట అదా అని నర్సు కూడా నవ్వింది.

ఇంటికొచ్చి డైరీ తెరిచాను. మార్చిలో సన్నగా ఉన్న నా అక్షరాలు ఏప్రిల్ నుంచి పేజీకి ఏడు వరసల లెక్కన ఉన్నాయి. ఒక్కో 'అ' ఒక్కో ఇడ్లీ. కొత్త పెన్ను లావుగా రాస్తోందనుకుని నేను రెండుసార్లు పెన్ను మార్చాను.

మే 26, సోమవారం

ఎడమది కూడా అయింది. పనిలోకి వెళ్ళాను. ఎన్చిక్ రోస్లి నన్ను బల్ల దగ్గరికి పంపాడు, బల్లకు యజమానిగా మాత్రం కాదు. ఇప్పుడు బల్ల పునితది. నేను నింపుతాను, ఆమె చూస్తుంది, ఆమె సంతకం పెడితేనే తూటా బయటికి పోతుంది. నా వయసు యాభై ఎనిమిది, ఆమెది ఇరవై ఆరు. మొదటి గంట కష్టంగా ఉంది. రెండో గంటలో గమనించాను, ఆమెకు ఇంకా కష్టంగా ఉంది.

ఆమె ఆరు మడతల తూటా నా ముందు పెట్టింది. చూశాను. మధ్యలో బెజ్జం. ఆవగింజంత, అచ్చంగా, కళ్ళకు కట్టినట్టు. దాని అడుగున ఒక ఉక్కు గుండు మెరుస్తూ నా వంక చూస్తోంది.

"బెజ్జం ఉందమ్మా" అన్నాను.

"మార్చిలో కూడా ఉంది అంకుల్."

"ఉంది."

సన్న గుండ్లకు ఎనిమిది మడతలు, గిన్నె కాళ్ళు పొట్టి చేసి. అది ఆమె మాట, అదే సరైనది. పెద్ద గుండ్లకు మాత్రం చోటు ఇంకా చాలడం లేదు. చుట్టు మూతే వేద్దామా అని ఆమే అడిగింది. నేను గట్టిగా నోరు మూసుకున్నాను. మళ్ళీ అడిగితే, "కొలిసి సూద్దాం. నువ్వు సదువు" అని గేజీ ఆమె చేతికిచ్చాను. చదివింది. ఒకటి పాయింట్ ఎనిమిది. "మీరూ సూడండి" అని నా చేతిలో పెట్టింది. ఎనిమిది. రెండు గీతలూ ఉన్నాయి.

ఆ తర్వాత రోజంతా పని మాటలే. ఆమె ఒక్కసారి కూడా నవ్వలేదు. సాయంత్రం వెళ్ళేటప్పుడు మాత్రం, "లైటు సాలుతుందా అంకుల్?" అంది.

"సాలుతాది" అన్నాను. లైటు బ్రహ్మాండంగా ఉంది.

జూన్ 10, మంగళవారం

టెస్టు.

ముందు తుపాకీని స్టాండుకు బిగించి, తాడు లాగి యాభై పేల్చారు. యాభైకి యాభై బాగున్నాయి. తర్వాత భుజం మీద నుంచి పాతిక. మోహన్‌రాజ్ వచ్చాడు. రెండు నెలల తర్వాత ఒకే గదిలో ఉన్నాం.

"ఎవరు నింపారు?" అని పునితను అడిగాడు.

"అంకులే. నేను అన్నీ చూసినాను. సంతకం నాదే."

అతను పెట్టె దగ్గర కూర్చుని, పాతిక తూటాలూ ఒక్కొక్కటే తీశాడు. మూతి చూశాడు, చెవి దగ్గర ఊపాడు, బొటనవేలితో నొక్కాడు. పది నిమిషాలు పట్టింది.  నా తూటాలను మోహన్‌రాజ్ ఇలా చూడటం ఇరవై ఏళ్ళలో ఇదే మొదటిసారి. ఇరవై ఏళ్ళూ చూడకుండానే తుపాకీలో పెట్టుకున్నాడన్న సంగతి నాకు ఆ పది నిమిషాల్లో తెలిసింది.

లేచాడు. చెవి తొడుగుల జత ఒకటి నా మీదికి విసిరాడు. పట్టుకున్నాను. మార్చిలో అయితే ముక్కుకు తగిలేది.

"అద్దం వెనక వద్దు అన్నా. ఇక్కడ నిలబడు. నా వెనక, ఎడమ పక్క."

ఎన్చిక్ రోస్లి ఏదో అనబోయాడు. పునిత రక్షణ కళ్ళజోడు ఒకటి తెచ్చి నా చేతికిచ్చింది. ఆయన ఆగిపోయాడు.

నిలబడ్డాను. అద్దం లేకపోతే ఆ చోటు వేరుగా ఉంటుంది. అతని ఎడమ చెయ్యి గొట్టం కింద ఉంది, వేళ్ళు వదులుగా, ఏమీ తెలియనట్టు. అతని మెడ మీద చెమట బొట్టు ఒకటి కాలరు వైపు జారుతోంది. తూటా పెట్టాడు. గొట్టం మూసిన చప్పుడు. భుజం కదిలింది. నేను నింపిన వాటిని ఎవరో ఒంటి మీద పెట్టుకుని పేలుస్తారన్న సంగతి ఇరవై ఏడేళ్ళుగా తెలిసినదే. నా ఒంటికి మాత్రం ఇవాళే తెలిసింది.

ఢాం.

పొగ వాసన. దూరంగా గురికి పెట్టిన మట్టిబిళ్ళ పొడి పొడి అయిందని తర్వాత పునిత చెప్పింది. నేను చూడలేదు. రెండు ఆపరేషన్లు చేయించుకుని, మూడు వారాలు చుక్కలు వేయించుకుని, లోకం నుంచి తిరిగి తెచ్చుకున్న రెండు కళ్ళనూ నేను ఆ సమయానికి బిగించి మూసుకుని ఉన్నాను.

మోహన్‌రాజ్ వెనక్కి తిరిగి చూశాడు. తొడుగు ఒక చెవి మీద నుంచి పక్కకు లాగాడు. అతని మూతి ఒక పక్కకు వంకర తిరిగింది. నవ్వు ఆపుకునేటప్పుడు అతనికి అలాగే అవుతుంది.

"కళ్ళు తెరువు అన్నా" అన్నాడు. "ఇంకా ఇరవై నాలుగు ఉన్నాయి."

తెరిచాను. మిగిలిన ఇరవై నాలుగూ చూశాను.